చీమకుర్తికి వచ్చేవాళ్లు, కనిగిరి నుంచి పోయేవాళ్లు

వానలు మొహం చాటేస్తే కనిగిరి, పామూరు వైపు బేల్దారి (తాపీ) పని తెలిసినవాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో బయల్దేరతారు. అదే ఉమ్మడి ప్రకాశంలో, ఒంగోలు పక్కనున్న చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీల్లో ఒడిశా, బీహార్, రాజస్థాన్ మనుషులు కష్టపడుతుంటారు. ఇది చూసి ‘మన కుర్రాళ్లకు నైపుణ్యం లేదు, ఒళ్లు వంగదు’ అని తేల్చేయడం అన్యాయం.

అడ్వాన్సు తీసుకుని, క్వారీ షెడ్డులోనే పడుకునే మనిషి ఏ వేళ పిలిచినా రావాల్సిందే. భాష రాని చోట కూలి గురించి గట్టిగా అడగలేడు. ఊళ్లో ఇల్లూ చుట్టాలూ ఉన్నవాడు అడుగుతాడు. కాంట్రాక్టరు ఎవరిని తెచ్చుకుంటాడో వేరే చెప్పాలా?

ఇక నైపుణ్యం మాటకొస్తే, పనిమంతుడు గ్రానైటు బ్లాకు మీద నీళ్లు చల్లి ఆరేదాకా చూస్తాడు. రాయంతా ఆరినా పగులు ఉన్నచోట సన్నటి తడిగీత మిగులుతుంది. సుత్తితో తట్టి మోత వింటాడు. ఇదంతా పనిలో పడి నేర్చిందే. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇలాంటివాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది. కానీ అది చూపితే కూలి పెంచి తీరాలన్న నిబంధన లేదు. కనీస వేతనాల్లో నైపుణ్యాన్ని బట్టి తరగతులున్నాయి కదా, సర్టిఫికెట్ ఉన్నవాడిని పై తరగతిలో చేర్చడం తప్పనిసరి చేయాలి. అది చేయకుండా కొత్త శిక్షణ కేంద్రాలు తెరిచి లాభం లేదు.

చట్టం మాత్రం వెనక్కి నడిచింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకచోట ఐదుగురు వలస కార్మికులున్నా వర్తించేది. ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యంగా ఇవ్వాలనేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ (పని భద్రత, ఆరోగ్యం గురించినది) ఆ పరిమితిని పదిమందికి పెంచింది, ఆ భత్యాన్ని ఎత్తేసింది. రానుపోను ఛార్జీలు మిగిలాయి. ఐదారుగురి ముఠా మాత్రమే పనిచేసే చోట మన బేల్దార్లకు అదీ అందదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది సిలికోసిస్. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని ఏళ్ల తరబడి తింటుంది. జబ్బు బయటపడేసరికి కార్మికుడు సొంతూరు చేరి ఉంటాడు, క్వారీలో పనిచేసినట్టు చేతిలో కాగితం ఉండదు. పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఏటా ఛాతీ ఎక్స్‌రే తీసి, ఆ వివరాలను పనిచేసిన చోటు పేరుతో సహా అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ నంబరుకు జోడిస్తే బీహార్‌లో ఉన్నా పరిహారం అడగగలడు. 2021 నుంచి ఆ నంబర్లు ఇస్తూనే ఉన్నారు. ఈ పని చీమకుర్తి నుంచే మొదలుపెట్టొచ్చు.