పాపం, పింఛను అందని పెద్దాయన

ఈ వారం మనం ఒక వృద్ధుడి కష్టం గురించి మాట్లాడుకోవాలి. పేరు క్రిస్టోఫ్ బ్లోఖర్. నివాసం స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ సరస్సు ఒడ్డున హెర్లిబెర్గ్. పాస్టరు గారింట పదకొండు మంది పిల్లల్లో ఏడోవాడు. ముందు వ్యవసాయం నేర్చుకుని, తర్వాత లా చదివి, 1983లో ఎమ్స్ కెమీ అనే రసాయనాల కంపెనీని సొంతం చేసుకున్నాడు. ఇప్పుడు ఆ కుటుంబం ఆస్తి వందల కోట్ల ఫ్రాంకులు. అయినా 2020లో, కరోనా కాలంలో, ఆయనకో సంగతి గుర్తొచ్చింది. నా పింఛను ఏదీ?

2004 నుంచి 2007 దాకా నాలుగేళ్లు మంత్రి. పూర్తి పింఛనుకు కావలసింది కూడా సరిగ్గా నాలుగేళ్లే! 2007 డిసెంబరులో పార్లమెంటు ఆయన్ని దించి, ఆయన స్విస్ పీపుల్స్ పార్టీకే చెందిన విడ్మర్ ష్లుంఫ్‌ను ఎన్నుకుంది. అలిగాడో ఏమో, పింఛను తీసుకోలేదు. పన్నెండేళ్లు పోయాక పాత బకాయి మొత్తం అడిగాడు. దాదాపు 27 లక్షల ఫ్రాంకులు.

ఆఫీసులో గుమస్తా అడిగి ఉంటాడు: "ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ?"

"ఏదో బాబూ, గోడ మీద స్విస్ చిత్రకారుడు హోడ్లర్ వేసిన ఖరీదైన బొమ్మలు చూసుకుంటూ."

"పిల్లలు పట్టించుకోవట్లేదా?"

"అమ్మాయి ఉంది. కంపెనీ నడుపుతోంది, పార్లమెంటుకు కూడా వెళ్తుంది. తీరికెక్కడిది?"

"అయ్యో! ఇక్కడ సంతకం పెట్టండి."

రాజధాని బెర్న్‌లో కూర్చుని ప్రజల సొమ్ము తింటున్నారని నాయకుల్ని జీవితమంతా తిట్టిన మనిషి ఈయనే. ప్రభుత్వం సరే అనేసింది కూడా. పార్లమెంటు ఆర్థిక ప్రతినిధులు ఐదేళ్లు దాటిన బకాయి చెల్లదని అడ్డుపడబట్టి, చివరికి 11 లక్షలతో సర్దుకున్నాడు. చూశారా, ఎంత త్యాగమో!

సిగ్గుండాలి. 2003లో దొంగ వికలాంగులు సర్కారు డబ్బు తినేస్తున్నారని రచ్చ చేసింది ఈయనా, ఈయన పార్టీయే. కాలు లేనివాడు కాగితం పట్టుకొస్తే అనుమానం, ఈయన కాగితం మాత్రం పవిత్రం! మంత్రిగా ఉండగా శరణార్థుల చట్టాన్ని దగ్గరుండి బిగించి, 2006 సెప్టెంబరు ఓటింగులో గెలిపించుకున్నాడు. దరఖాస్తు తిరస్కరిస్తే మామూలు సాంఘిక సహాయం బంద్, ప్రాణం నిలబడే అత్యవసర సాయం ఒక్కటే. వాళ్లలో పసిపిల్లల తల్లులూ ఉన్నారు. వాళ్లకి బకాయిలంటూ ఏమీ ఉండవు. ఆయన పింఛను లెక్కగట్టింది ఆ నాలుగేళ్ల ఉద్యోగానికే.