దొరకని సరుకునే బహిష్కరిద్దాం

విశ్వాసి జేబులోంచి పోయే ప్రతి రూపాయికీ దేవుడికి లెక్క చెప్పాలి. ఇందులో వాదన లేదు. పాపానికి చందాలిచ్చే కంపెనీ సబ్బుతో శనివారం బట్టలుతికి, ఆదివారం అవే తెల్లబట్టలు వేసుకుని మందిరంలో ముందు వరుసలో కూర్చుంటే ఆ తెలుపు ఎవరి లెక్కలోకి వస్తుంది? అందుకే మా సంఘంలో కొందరు పెద్దలు కలిసి మనస్సాక్షి కమిటీ ఒకటి వేశారు. స్వలింగ హక్కుల్లాంటి ఉద్యమాలకు ఏ కంపెనీ డబ్బులిస్తోందో కనిపెట్టడం, పట్టిక రాయడం, ఆరాధన అయ్యాక ప్రకటనల్లో చదివి వినిపించడం దాని పని. ప్రకటనలంటే తెలుసుగా, ఎవరి బిడ్డకు పుట్టినరోజు, ఎవరు ఫ్యాను దానం చేశారు, ఆ రెంటి మధ్యలో ఇది. నేను కమిటీని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే తిరుపతిలో దీన్ని ఎట్లా నడపాలో కొంచెం ఆలోచించుకోవాలి.

మొదటి పట్టిక మాత్రం అద్భుతంగా కుదిరింది. టార్గెట్ స్టోర్లో ఏమీ కొనకూడదు, డిస్నీ పార్కుకు పోకూడదు, బడ్ లైట్ బీరు తాగకూడదు (బీరే తాగకూడదు, ఇది మరీ తాగకూడదు). మూడూ ఏకగ్రీవంగా నెగ్గాయి. ఆ రోజు నుంచి మా సంఘంలో ఒక్క విశ్వాసి కూడా తప్పలేదు. అలిపిరి నుంచి రేణిగుంట దాకా కాళ్లరిగేలా తిరిగినా ఒక్క టార్గెట్ స్టోరు కనిపించదు కాబట్టి శోధన కూడా పెద్దగా లేదు. బహిష్కరణలో ఇంత నిష్ఠ అమెరికా వాళ్లకు ఏనాడూ సాధ్యం కాలేదు. 2016లో ట్రాన్స్‌జెండర్లు తమకు నచ్చిన బాత్రూం వాడుకోవచ్చని టార్గెట్ చెప్పినందుకు, ఆ స్టోర్లో ఇక కొనమని 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఎంతమంది నిలబెట్టుకున్నారో వాళ్ల దేవుడికే తెలియాలి. 2023లో ఒక ట్రాన్స్‌జెండర్‌తో ప్రచారం చేయించినందుకు బడ్ లైట్ మీద కోపం వచ్చినప్పుడు మాత్రం నిజంగానే దెబ్బ కొట్టారు, అమెరికాలో అమ్మకాల్లో దానికున్న మొదటి స్థానం పోయింది. బీరు మానలేదు లెండి, బ్రాండు మార్చారు.

చిక్కు ఆ తరవాతి వారం వచ్చింది. కమిటీలోనే ఉన్న ఒక పెద్దాయన కొడుకు బెంగళూరులో టార్గెట్ వాళ్ల ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడట. ఆ జీతంలోంచి ప్రతి నెలా దశమభాగం మా సంఘానికి వస్తోందట, కొత్త సౌండ్ సిస్టమ్ కూడా ఆ చలవేనట. కమిటీ చాలాసేపు ప్రార్థనలో గడిపి తీర్పు చెప్పింది: ఆ కంపెనీలో కొంటే పాపం, ఆ కంపెనీ జీతం తీసుకుంటే ఆశీర్వాదం. పాపపు డబ్బు లోపలికి వచ్చేటప్పుడు శుద్ధి అవుతుంది, బయటికి పోయేటప్పుడే అపవిత్రం. వేదాంతంలో పీహెచ్‌డీలు చేసినవాళ్లకు కూడా తట్టని సంగతి ఇది.

డిస్నీ సంగతి ఇంకా చిక్కు. ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు కూడా ఆరోగ్య బీమా ఇస్తోందని, ఇంకా కొన్ని కారణాలతో, 1997లో అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాల వాళ్లు డిస్నీని బహిష్కరించారు. ఎనిమిదేళ్లు నడిపి 2005లో ఎత్తేశారు. బీమా అట్లాగే ఉంది, మిక్కీ మౌసూ అట్లాగే ఉంది. ఆ ఎనిమిదేళ్లూ ఈఎస్‌పీఎన్ ఛానెల్ కూడా డిస్నీదే, మరి అందులో ఆటలు చూడటం మానారా అని మాత్రం మనం అడగకూడదు, అతిథి మర్యాద. 2022లో ఫ్లోరిడా బడుల్లో స్వలింగ సంగతుల పాఠాలను కట్టడి చేసే చట్టాన్ని వ్యతిరేకించిందని డిస్నీని మళ్లీ వదిలేయమని పిలుపులొచ్చాయి. సరిగ్గా అప్పుడు మన స్టార్ మా ఎవరిది? డిస్నీది. 2019 నుంచి 2024 చివర్లో రిలయన్స్‌తో కలిసేదాకా స్త్రీల సమాజం అక్కలు రాత్రిపూట అందులో చూసిన ప్రతి అత్తాకోడళ్ల సీరియలూ, మా యూత్ అన్నలు టీవీలో చూసిన ప్రతి ఐపీఎల్ మ్యాచూ ఆ ఖాతాలోకే పోయాయి. ఈ సంగతి నేను ప్రస్తావిస్తే ఒక అక్క చాలా శాంతంగా, "బ్రదర్, సీరియల్లో చివరికి చెడ్డవాళ్లకే శిక్ష పడుతుంది కదా" అన్నారు. కమిటీ దాన్ని మినహాయింపుగా రాసుకుంది.

ఈ మధ్యలో పాత పుకారు ఒకటి లేచింది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ లోగోలో చంద్రుడూ నక్షత్రాలూ ఉన్నాయి, అది సాతాను గుర్తు, లాభాలన్నీ సాతాను సంఘానికే పోతాయి అని 1980లలో అమెరికా చర్చిల్లో కరపత్రాలు తిరిగాయి. ఆ 13 నక్షత్రాలు అమెరికాలోని తొలి 13 కాలనీలకు గుర్తు, అంతకు మించి ఏమీ లేదు. అయినా తట్టుకోలేక కంపెనీ 1985లో ప్యాకెట్ల మీద నుంచి ఆ లోగో తీసేసింది. 2007లో, ఈ పుకారు పంచినందుకు ఆమ్వే ఏజెంట్లుగా పనిచేసిన నలుగురి మీద 1 కోటి 92 లక్షల 50 వేల డాలర్ల తీర్పు కూడా తెచ్చుకుంది. అంటే సాతాను పేరు చెప్పి సబ్బు అమ్మకాలు పడగొట్టిన వాళ్లు పోటీ సబ్బు అమ్మేవాళ్లే. కమిటీ ఈ చరిత్ర జోలికి పోకుండా ఏరియల్, టైడ్, విక్స్ మూడూ పట్టికలో రాసేసింది. విక్స్ దగ్గర గొడవైంది. పిల్లాడికి జలుబు చేస్తే ఛాతీకి విక్స్ రాసి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయని క్రైస్తవ తల్లి రాయలసీమలో ఉందా? విక్స్‌ను కొట్టేశారు. ఏరియల్, టైడ్ మాత్రం మిగిలాయి, వాటి బదులు మరో కంపెనీ పొడి వాడొచ్చు కాబట్టి.

అసలు ఈ విషయంలో బైబిల్లో ఉత్తరాలు రాసిన పౌలు గారు మనకు పెద్ద సాయం ఏమీ చేయలేదు. కొరింథు పట్టణంలో విగ్రహాలకు అర్పించిన మాంసం అంగట్లో అమ్ముతుంటే, కటికవాడి దగ్గర ఏది అమ్మితే అది తినండి, మనస్సాక్షి పేరుతో విచారణలు చేయొద్దు అన్నాడు. ఇది అర్పించినది అని ఎవరైనా చెప్తే మాత్రం, ఆ చెప్పినవాడి కోసం తినొద్దన్నాడు. కొరింథు వాళ్లకు అది బాగానే కుదిరి ఉంటుంది. తిరుపతిలో పక్క టేబుల్ కొలీగు కొండ మీద నుంచి లడ్డూ తెచ్చి డబ్బా మూత తీస్తే విచారణ దేనికి? పచ్చకర్పూరం వాసన ఆఫీసంతా ప్రకటిస్తుంది. మనవాళ్లు నవ్వుతూ తీసుకుని, డ్రాయర్లో పెట్టి, సాయంత్రం అటెండరుకు ఇస్తారు. దీన్ని నేను తప్పు పట్టను, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఆ లడ్డూను ముట్టుకోని చేత్తోనే మా పాస్టరు అయ్యగారు పట్టుకున్న డిగ్రీ ఎవరిది? శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీది. ఆయనకు రాళ్లు తీసింది స్విమ్స్ ఆసుపత్రిలో. ఆ పేరు మొదట్లో ఉన్న ఎస్, వీ అక్షరాలు కూడా శ్రీ వెంకటేశ్వరుడే. ఈ ఊళ్లో దేవుడి పేరు లేని లాడ్జి, మెడికల్ షాపు, టైర్ల పంక్చర్ కొట్టు వెతికి కొనాలంటే కమిటీ రేణిగుంటలో రైలెక్కాల్సిందే. ఈ మాట కూడా పౌలే అన్నాడు మరి, పాపులందరితోనూ పొత్తు మానుకోవాలంటే మీరు లోకంలోంచే వెళ్లిపోవాలి అని. మా కమిటీకి ఆ వాక్యం ఇంకా కంటబడలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఎగతాళి పక్కన పెట్టి చెప్తాను. మా సంఘంలో ఆటో తోలేవాళ్లున్నారు, లాడ్జిల్లో దుప్పట్లు మార్చేవాళ్లున్నారు, బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న అక్కలున్నారు. వీళ్లందరి కానుక సంచిలోకి వచ్చే డబ్బు కొండకొచ్చిన యాత్రికుడిదే. అతను గుండు చేయించుకుని, గోవిందా అనుకుంటూ ఆటో ఎక్కి, "అన్నా, అలిపిరికి ఎంత?" అని మాత్రమే అడుగుతాడు. డ్రైవరు ఏ దేవుడికి మొక్కుతాడో, ఈ డబ్బుతో ఏ మందిరానికి ఫ్యాను కొంటాడో విచారణ చేయడు. పౌలు మాట చదవకుండానే పాటిస్తున్నాడు. ఫలానా మతం వాళ్ల కొట్లో కొనకండి అనే మెసేజ్‌లు దేశంలో తక్కువేమీ తిరగడం లేదు. అట్లాంటి మనస్సాక్షి కమిటీ ఒకటి యాత్రికులు కూడా వేసుకుంటే మా పట్టిక చదవడానికి మైకు కరెంటు బిల్లు కట్టేవాళ్లుండరు.

దీనికంటే కష్టంగా అనిపించే సంగతి 2014ది. మార్చిలో పేద పిల్లలకు స్పాన్సర్లను కుదిర్చే క్రైస్తవ సంస్థ వరల్డ్ విజన్ అమెరికా శాఖ, స్వలింగ వివాహం చేసుకున్న క్రైస్తవులను కూడా ఉద్యోగాల్లోకి తీసుకుంటామంది. రెండు రోజుల్లో ఎంత గోల లేచిందంటే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఈలోపే దాదాపు 10,000 మంది పిల్లల స్పాన్సర్‌షిప్‌లు రద్దయ్యాయి. అమెరికాలో ఆఫీసు ఉద్యోగం ఎవరికివ్వాలన్న తగాదా, ఆగింది మాత్రం ఎక్కడో పేద దేశంలో ఒక పిల్లాడి పేరు మీద వచ్చే డబ్బు. స్పాన్సర్ అంటే ఏంటో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. క్రిస్మస్‌కు ఉత్తరం రాయించడం, టీచరు చెప్పినట్టు చెట్టు బొమ్మ గీయడం, విదేశం నుంచి ఫోటో వస్తే ఇంట్లో గోడకు తగిలించుకోవడం, ఇవి తెలిసిన ఇళ్లు చిత్తూరు జిల్లాలో చాలానే ఉన్నాయి. ఆ వారం మనస్సాక్షి నిలబెట్టుకున్న స్పాన్సర్‌కు అయిన ఖర్చు ఎంత? ఏమీ లేదు, నెలనెలా కొంచెం మిగిలింది కూడా.

పూర్వం ఈ పని వేరేగా చేసేవాళ్లు. 1791లో బ్రిటన్ పార్లమెంటు బానిస వ్యాపారం ఆపనంటే, అక్కడి క్రైస్తవులు వెస్టిండీస్ చక్కెర మానేశారు. దాదాపు 3 లక్షల మంది మానేశారని ఆ ఉద్యమంలోనే ఉన్న థామస్ క్లార్క్‌సన్ లెక్క. చక్కెర లేని టీ తాగారు, తమ టీయే. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి వాళ్లు బస్సు సీట్లలో వివక్షకు నిరసనగా చర్చిల్లో కూడి ఇక బస్సెక్కమని తీర్మానించుకున్నారు, ముందు నిలబడ్డ పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ వయసు 26. 381 రోజులు ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా నడిచిపోయారు. ఈ రెండు ఉదాహరణలూ కమిటీ ముందు పెట్టాను. బాగున్నాయి గానీ పాత పద్ధతులు, మోకాళ్లకు మంచిది కాదన్నారు.

మరి పట్టికలో మన ఊరి సంగతులు కొన్ని చేర్చమని నేను అర్జీ పెట్టుకున్నాను. "రెడ్డి క్రిస్టియన్ వధువు కావలెను" అనే ప్రకటన ఇచ్చినవాళ్ల పెళ్లి భోజనం బహిష్కరిద్దామా? కట్నం లెక్కపెట్టుకున్నాక స్తుతి ప్రార్థన చేయించుకునే పెళ్లికి ఉంగరాలు మార్పించడం ఆపుదామా? పాస్టరమ్మ ఇంట్లో పాచిపనికొచ్చే అమ్మ ఆదివారం కూడా వస్తోంది, మరి విశ్రాంతి దినం? మందిరం ముందు ఆర్చి కట్టించిన దాత పేరు బంగారు అక్షరాల్లో ఉంది, ఆయన వ్యాపారం ఏంటో ఊరందరికీ తెలుసు, క్వార్టరు సీసాల్లో వస్తుంది. కార్యదర్శి అన్న నా అర్జీని రెండుసార్లు చదివి, ఇవి కంపెనీలు కావు బ్రదర్, మన పరిధిలోకి రావు అన్నారు. ఆర్చి విషయంలో మాత్రం ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, అక్షరాలకు మళ్లీ రంగు వేయించాలి, ఆయన్ని ఇప్పుడు కదపొద్దు అని చెప్పారు.

మొన్నటి మీటింగులో పెప్సీ వంతు వచ్చింది. స్వలింగ హక్కుల సంస్థలకు విరాళాలిచ్చిందని 2009లోనే అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంస్థ దాన్ని బహిష్కరించమంది, మనం ఇంత ఆలస్యం చేశామే అని కమిటీ బాధపడింది. శ్రీసిటీలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు తల వంచుకుని ఫోను చూసుకున్నాడు. తీర్మానం చదివారు. పెప్సీ, సెవెనప్, లేస్, స్లైస్ అని వరసగా పేర్లు వచ్చేసరికి, ఎప్పుడూ నోరు తెరవని బంగారుపాళ్యం పెద్దాయన లేచారు. ఆయనకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. తోతాపురి ఎక్కడికి పోతుంది? గుజ్జు ఫ్యాక్టరీకి. గుజ్జు? స్లైసులోకో మాజాలోకో. 2025లో కొనేవాళ్లు లేక కాయలు రోడ్డు మీద పారబోసిన ఏడాది, ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తామంటేనే కొంచెం ఊపిరి ఆడింది.

"అయ్యగారూ, బహిష్కరణకు నేనేమీ అడ్డం రాను సామీ," అన్నాడాయన. "కాయ లోడు దించినాం, డబ్బులింకా రాలేదు. అవి చేతికొచ్చినాక పెట్టుకోండి."

అయ్యగారు కమిటీ వైపు చూశారు. తీర్మానం ఆమోదించి, అమలు తేదీ దగ్గర ఖాళీ వదిలారు.