కప్పు పోయింది జర్మనీలో చేసిన ఎంపికల వల్ల కాదు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గురించి మాట ఎక్కడ మొదలైనా చివరికి 2024లో జర్మనీలో జరిగిన యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పు) దగ్గరికి వచ్చి ఆగుతుంది. అక్కడ అందరూ ఒకటే మాట పంచుకుంటారు: అప్పటి కోచ్ గారెత్ సౌత్‌గేట్ మిడ్‌ఫీల్డ్ (మైదానం మధ్యలో ఆడేవాళ్ళ) ఎంపిక వల్లే ఆ కప్పు చేజారిందని. రైట్ బ్యాక్ (కుడి వైపు డిఫెండర్) అయిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ని మిడ్‌ఫీల్డ్‌లో పెట్టి ప్రయోగం చేశాడట. కోబీ మెయినూని మొదటి మ్యాచ్ నుంచి ఆడించలేదట. ఆడమ్ వార్టన్‌ని జర్మనీ దాకా తీసుకెళ్ళి బెంచ్ మీదే కూర్చోబెట్టాడట. ఫిల్ ఫోడెన్‌ని ఎడమ పక్కకు నెట్టి పాడుచేశాడట. చివరికి స్పెయిన్‌తో ఫైనల్లో పిరికిగా ఆడించి ఓడిపోయాడట.

స్లొవేనియాతో 0-0గా ముగిసిన మ్యాచ్ తర్వాత కొలోన్ స్టేడియంలో ఇంగ్లండ్ అభిమానులే సౌత్‌గేట్ మీదికి ప్లాస్టిక్ కప్పులు విసిరారు. మనకది అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైన మ్యాచ్. నిద్ర మానుకుని చూసినవాడిగా నాకూ ఆ రాత్రి కోపం వచ్చింది. కానీ కోపం తగ్గాక ఆ మ్యాచ్‌లన్నీ వరసగా పెట్టుకుని చూస్తే ఈ వాదన నిలబడదు. సౌత్‌గేట్ తప్పు చేయలేదని నేను అనడం లేదు. చేశాడు. కానీ ఆ తప్పు జర్మనీలో జరిగింది కాదు.

ముందు ట్రెంట్ సంగతి. అది టోర్నమెంట్ ముందు రోజు పుట్టిన ఆలోచన అన్నట్టు చెబుతారు. 2023 జూన్‌లో మాల్టా మీద క్వాలిఫయర్‌లో (యూరోకి అర్హత మ్యాచ్‌లో) ట్రెంట్ మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాడు, దూరం నుంచి కొట్టి గోల్ కూడా చేశాడు. మూడు రోజుల తర్వాత ఉత్తర మాసిడోనియాని 7-0తో ఓడించిన మ్యాచ్‌లో కూడా అక్కడే ఆడాడు. అంటే ఏడాది ముందు నుంచీ ఉన్న ఆలోచన ఇది. 2024 మార్చిలో బ్రెజిల్, బెల్జియంలతో మ్యాచ్‌లున్నప్పుడు ట్రెంట్ మోకాలి గాయంతో ఆటకు దూరంగా ఉన్నాడు. పెద్ద జట్ల మీద పరీక్షించే అవకాశం అలా పోయింది. ఆ పరీక్ష లేకుండానే సెర్బియా మీద దింపడం తొందరపాటే, ఒప్పుకుంటాను. అయితే డెన్మార్క్‌తో 1-1 అయిన రెండో మ్యాచ్‌లో 54వ నిమిషానికే అతన్ని తీసేసి మిడ్‌ఫీల్డర్ కానర్ గాలగర్‌ని పంపాడు, ఆ తర్వాత మళ్ళీ మిడ్‌ఫీల్డ్‌లో మొదటి పదకొండులో పెట్టలేదు. పని చేయని ఆలోచనను రెండు మ్యాచ్‌లలోనే వదిలేసిన మనిషిని మొండివాడని ఎలా అంటాం? ఇంకో మాట. స్విట్జర్లాండ్‌తో క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్‌ని గెలిపించిన అయిదో పెనాల్టీ కొట్టింది ఈ ట్రెంటే.

ఇక మెయినూ. అందరికీ ఇష్టమైన వాదన ఇదే, ఎందుకంటే పిల్లాడు నిజంగా బాగా ఆడాడు. అప్పటికి వయసు 19. మాంచెస్టర్ యునైటెడ్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో మొదటి పదకొండులో దిగింది 2023 నవంబర్ 26న. ఇంగ్లండ్ సీనియర్ జట్టులోకి వచ్చింది 2024 మార్చిలో. బెల్జియం మీద బాగా రాణించాడు కూడా. మరి మొదటి మ్యాచ్‌లో ఎందుకు ఆడించలేదు? జవాబు చాలామంది మర్చిపోయిన మ్యాచ్‌లో ఉంది. జర్మనీ వెళ్ళే ముందు జూన్ 7న వెంబ్లీలో ఐస్‌లాండ్‌తో ఆడారు. మిడ్‌ఫీల్డర్ డెక్లన్ రైస్ పక్కన మెయినూ. అంటే అందరూ ఇప్పుడు కోరుకునే జోడీయే. 0-1తో ఇంగ్లండ్ ఓడిపోయింది. బంతి పోయిన ప్రతిసారీ ఐస్‌లాండ్ వాళ్ళు మధ్యలో ఖాళీ దొరికించుకుని దూసుకొచ్చారు. దానికి నాలుగు రోజుల ముందు బోస్నియా మీద ట్రెంట్, గాలగర్ మధ్యలో ఆడారు, 3-0 గెలుపు. సెర్బియాతో మొదటి మ్యాచ్‌కు తొమ్మిది రోజుల ముందు ఒక కోచ్ చేతిలో ఉన్న ఆధారాలు ఇవీ. ఆ రోజు మనం ఆ కుర్చీలో ఉంటే 19 ఏళ్ళ కుర్రాణ్ణి సెర్బియా మీదికి ఖాయంగా పంపేవాళ్ళమని చెప్పగలమా? నేనైతే చెప్పలేను.

అయినా సౌత్‌గేట్ అతన్ని దాచిపెట్టలేదు. స్లొవేనియా మ్యాచ్‌లో గాలగర్‌ని హాఫ్ టైమ్‌కే తీసేసి మెయినూని పంపాడు. అక్కడి నుంచి ఫైనల్ దాకా నాలుగు నాకౌట్ మ్యాచ్‌లలోనూ మొదటి పదకొండులో ఉన్నాడు.

వార్టన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2024 జనవరి దాకా రెండో డివిజన్‌లో బ్లాక్‌బర్న్‌కు ఆడిన 20 ఏళ్ళ కుర్రాడు. క్రిస్టల్ ప్యాలెస్‌లో అయిదు నెలలు అద్భుతంగా ఆడాడు. అప్పటికి ఇంగ్లండ్‌కు ఒకే ఒక్కసారి, బోస్నియా మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. బెంచ్ మీద కూర్చున్నవాడు ఎప్పుడూ తప్పు పాస్ ఇవ్వడు కాబట్టి అతని పేరు చెప్పి గెలిచేవాళ్ళమని అనడం తేలిక. దానికి రుజువు ఎవరి దగ్గరా లేదు.

అసలు విషయం ఫోడెన్ దగ్గర ఉంది. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇంగ్లండ్ ఆట ఎక్కడ ఇరుక్కుపోయిందో ఇక్కడే కనబడుతుంది. లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్) ల్యూక్ షా ఫిబ్రవరి నుంచి గాయంతో ఉన్నాడు. జట్టులో సహజమైన లెఫ్ట్ బ్యాక్ అతనొక్కడే. అతను కోలుకునే దాకా ఆ చోట కుడికాలి ఆటగాడు కీరన్ ట్రిప్పియర్ ఆడాడు. ఎడమ గీత దగ్గర బంతి అందుకున్న ప్రతిసారీ ట్రిప్పియర్ లోపలికి తిరిగి కుడికాలికి మార్చుకోవాల్సిందే. అతని ముందు ఫోడెన్. అతనికి గీత దగ్గర నిలబడే అలవాటు లేదు, మధ్యలోకి వచ్చేస్తాడు. ఆ మధ్యలో అప్పటికే జూడ్ బెల్లింగమ్ ఉంటాడు. సెంటర్ ఫార్వర్డ్ హ్యారీ కేన్ కూడా బంతి కోసం వెనక్కి అక్కడికే దిగుతాడు. నలుగురు ఒకే చోట గుమిగూడితే, ఎడమ వైపంతా ఖాళీ. ఎదుటి జట్టుకు డిఫెన్స్ వెనకాల పరిగెత్తేవాడి గురించి టెన్షనే లేదు, వాళ్ళు మధ్యలో గోడ కట్టేస్తే చాలు. రైస్ పక్కన ఎవరున్నా తల ఎత్తి చూస్తే ముందుకు పాస్ ఇచ్చే దారి ఉండదు. అందుకే బంతి మళ్ళీ వెనక్కి, డిఫెండర్ జాన్ స్టోన్స్ దగ్గరికి.

రుజువు మ్యాచ్‌లలోనే ఉంది. సెర్బియా, డెన్మార్క్‌ల మీద రైస్ పక్కన ట్రెంట్. స్లొవేనియా మీద గాలగర్. స్లొవేకియా మీద మెయినూ. ముగ్గురు వేర్వేరు ఆటగాళ్ళు, ముగ్గురివీ వేర్వేరు గుణాలు. ఒకడు దూరం పాస్‌లు ఇస్తాడు, ఒకడు పరిగెత్తి బంతి లాక్కుంటాడు, ఒకడు ఇరుకులో తిరిగి బయటపడతాడు. ఆట మాత్రం అదే. మెయినూ ఉన్న స్లొవేకియా మ్యాచ్‌లో ఇంగ్లండ్ 25వ నిమిషంలో గోల్ ఇచ్చుకుని, 95వ నిమిషంలో బెల్లింగమ్ గాలిలోకి లేచి వెనక్కి తన్నేదాకా ఓడిపోయే జట్టుగానే ఉంది. మనిషి మారినా ఆట మారలేదంటే జబ్బు ఆ మనిషి చోట లేదు.

తర్వాత ఏం జరిగింది? స్విట్జర్లాండ్ మ్యాచ్ నుంచి సౌత్‌గేట్ వెనక ముగ్గురు డిఫెండర్లతో కొత్త అమరిక తెచ్చాడు. ఫోడెన్, బెల్లింగమ్ ఇద్దరూ కేన్ వెనకాల లోపల ఆడారు. డార్ట్‌మండ్‌లో నెదర్లాండ్స్‌తో సెమీస్ మొదటి సగం ఆ టోర్నమెంట్ మొత్తంలో ఇంగ్లండ్ ఆడిన అందమైన ఆట. ఫోడెన్ షాట్ ఒకటి పోస్ట్‌కి తగిలింది, ఇంకొకటి గోల్ గీత మీద నెదర్లాండ్స్ డిఫెండర్ డుంఫ్రీస్ ఆపేశాడు. మధ్యలో ఉన్నది అదే రైస్, అదే మెయినూ. ఫోడెన్ లోపల ఆడాలన్నవాళ్ళ మాట ఇక్కడ నిజమైంది, కాదనను. కానీ ఆ మార్పు చేసింది కూడా సౌత్‌గేటే. అదే మ్యాచ్‌లో 81వ నిమిషంలో పంపిన కోల్ పామర్, ఓలీ వాట్కిన్స్ కలిసి 90వ నిమిషంలో గెలుపు గోల్ తెచ్చారు. పామర్ పాస్, వాట్కిన్స్ గోల్.

ఫైనల్లో పిరికితనం అన్న మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బెర్లిన్‌లో ఇంగ్లండ్ 0-1తో వెనకబడి ఉన్నప్పుడు 61వ నిమిషంలో కెప్టెన్ కేన్‌ని తీసేశాడు. 70వ నిమిషంలో మెయినూని తీసి, ఎటాక్ చేసే పామర్‌ని దింపాడు. మూడు నిమిషాల్లో పామర్ గోల్ కొట్టి 1-1 చేశాడు. ప్రపంచంలోనే గొప్ప మిడ్‌ఫీల్డర్లలో ఒకడైన రోడ్రి స్పెయిన్ వైపు హాఫ్ టైమ్‌కే గాయంతో వెళ్ళిపోయాడు. స్పెయిన్ రెండు గోల్స్ అతను లేకుండానే వచ్చాయి. మొదటిది కుడి నుంచి లోపలికి వచ్చిన యమాల్ పాస్ అవతలి వైపు నికో విలియమ్స్‌కి చేరి. రెండోది 86వ నిమిషంలో ఎడమ నుంచి కుకురేయా పంపిన బంతికి ఒయార్సబాల్ కాలు అడ్డం పెట్టి. రెండూ పక్కల నుంచి పుట్టినవే. ఆఖర్లో ఇంగ్లండ్ డిఫెండర్ మార్క్ గుయీ తలతో కొట్టిన బంతిని స్పెయిన్ ఆటగాడు డానీ ఓల్మో గోల్ గీత మీద తలతోనే బయటికి పంపాడు. అది లోపలికి వెళ్ళి ఉంటే ఇప్పుడు ఈ వాదనలేవీ ఉండేవి కావు.

ఆ స్పెయిన్ ఏడుకు ఏడు మ్యాచ్‌లు గెలిచింది. వాళ్ళ కోచ్ లూయిస్ డె లా ఫుయెంటే 2015లో అండర్-19 యూరో, 2019లో అండర్-21 యూరో గెలిపించినవాడు. 2015 జట్టులో రోడ్రి ఉన్నాడు. 2019లో ఉత్తమ ఆటగాడు ఫాబియన్ రూయిజ్, ఆ జట్టులోనే ఓల్మో, ఒయార్సబాల్ ఉన్నారు. వాళ్ళ మిడ్‌ఫీల్డ్ ఏళ్ళ తరబడి కలిసి పెరిగింది.

నాకు సౌత్‌గేట్ మీద ఉన్న కోపం ఇక్కడే. 2021లో జరిగిన యూరోలో రైస్, కాల్విన్ ఫిలిప్స్ జోడీ ఇంగ్లండ్‌ని ఫైనల్‌కు తీసుకెళ్ళింది. 2022 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ మీద రైస్, జోర్డన్ హెండర్సన్, బెల్లింగమ్ ఆడారు. ఆ తర్వాతి సీజన్‌లో ఈ పునాది అంతా కదిలిపోయింది. మాంచెస్టర్ సిటీకి వెళ్ళిన ఫిలిప్స్‌కు అక్కడ ఆడే అవకాశమే రాలేదు. హెండర్సన్ సౌదీ లీగ్‌కు వెళ్ళాడు. రియల్ మాడ్రిడ్‌లో బెల్లింగమ్ ముందుకు జరిగి లా లీగాలో 19 గోల్స్ కొట్టాడు, ఇక అతన్ని వెనక ఆడించడం కుదరదు. రైస్ పక్క కుర్చీ ఖాళీ అయిందని 2023 ఆగస్టుకే కనబడుతోంది. అయినా సెప్టెంబర్‌లో స్కాట్లాండ్ మీద, అక్టోబర్‌లో ఇటలీ మీద రైస్ పక్కన ఆడింది ఫిలిప్సే. క్లబ్‌లో ఆడని ఆటగాడి మీద నమ్మకంతో ఆ శరత్కాలం మొత్తం గడిచిపోయింది. డెన్మార్క్ మ్యాచ్ తర్వాత ఫిలిప్స్‌కు సహజమైన ప్రత్యామ్నాయం తమకు లేదని సౌత్‌గేట్ చెప్పినప్పుడు చాలామంది నవ్వారు. అది నిజమే. కానీ ఆ నిజం తొమ్మిది నెలల ముందే తెలిసింది.

ఇటలీని ఓడించాక ఇంగ్లండ్ యూరోకి అర్హత సాధించింది. నవంబర్‌లో మాల్టాతో, ఉత్తర మాసిడోనియాతో రెండు మ్యాచ్‌లు మిగిలాయి. ఓడినా పోయేదేమీ లేని మ్యాచ్‌లు. కొత్త జోడీని వెతకాల్సింది అప్పుడు, ఆ రెండు మ్యాచ్‌లలో. అప్పటికి మెయినూ ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. వార్టన్ ఇంకా బ్లాక్‌బర్న్‌లోనే ఉన్నాడు.