కూడు ముందా, కత్తి ముందా?

(పేగుల్లో ఎడతెగని వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుతో చిన్నపేగు చివర సన్నబడిపోయిన రోగి. ఆరు నెలల్లో 56 కిలోల నుంచి 48కి దిగాడు. పేగు ముక్క తీసి, కొన్నాళ్లపాటు పొట్టమీద స్టోమా, అంటే మలం సంచిలోకి పోయేలా పేగుకు బయటికి ద్వారం, పెట్టాలి. వాదులాడుతున్నది సర్జన్, డైటీషియన్.)

సర్జన్: రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్ 2.4కి పడింది. అదే రెండు బాటిళ్లు ఎక్కించి సోమవారం కోసేద్దాం.

డైటీషియన్: ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష చూడండి సార్. ఆ 2.4 తిండి లేక ఒక్కటే కాదు, ఒంట్లో వాపు వల్ల కూడా పడింది. బాటిల్ ఎక్కిస్తే రిపోర్టు బాగుపడుతుంది, కండ పట్టదు. 14 శాతం బరువు పోయినవాడికి కోత త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఎమర్జెన్సీ కానప్పుడు 7 నుంచి 14 రోజులైనా పోషణ ఇచ్చాకే కోయాలి. క్రోన్స్‌లో వీలైతే ఆరు వారాలు.

సర్జన్: ఏం పెడతావమ్మా? ఆ సన్నటి చోట గోంగూర ఈనె ఇరుక్కుంటే అర్ధరాత్రి ఫోను నాకొస్తుంది.

డైటీషియన్: గోంగూర ఎవరు పెట్టమన్నారు? పూర్తిగా ఫార్ములా పాలే, అంటే అన్ని పోషకాలూ కలిపిన ద్రవాహారం. కిలోకి 30 చొప్పున రోజుకు 1440 కేలరీలు, అంటే మామూలు ఫార్ములా దాదాపు లీటరున్నర. 200 మి.లీ. చొప్పున ఏడుసార్లు, చల్లగా, స్ట్రాతో. కొన్నాళ్లకు వాసనకే వెగటు పుడుతుంది, అప్పుడు సన్నటి ముక్కు గొట్టం.

సర్జన్: మొదటిరోజే 1440 పోస్తే గుండె లయ తప్పుతుంది. ఎండిపోయిన ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా వస్తే ఇన్సులిన్ లేచి రక్తంలోని ఫాస్ఫేటునీ పొటాషియంనీ కణాల్లోకి లాగేస్తుంది.

డైటీషియన్: అందుకే 480తో మొదలు. అంతకన్నా ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్. ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూసుకుంటూ వారంలో పూర్తి మోతాదుకు.

సర్జన్: సరే, రెండు వారాలు ఇస్తాను. ఆరు ఇవ్వను. చిల్లు పడినా, పేగు పూర్తిగా మూసుకున్నా ఒక్కరోజు కూడా ఆగను.

డైటీషియన్: అలాంటప్పుడు నేనూ ఆగమనను. కానీ ఆపరేషన్ ముందురోజు రాత్రి నుంచే నోరు కట్టేస్తున్నారు, అదెందుకు? గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు, తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు, మజ్జిగ తేట ద్రవాలు కావు.

సర్జన్: అది పొట్ట ఖాళీ అయ్యేవాడికి. పేగు అడ్డుపడి కడుపులో నిలవ ఉన్నవాడికి ఆ లెక్క చెల్లదు. పైగా ఆపరేషన్ల లిస్టు మారుతూనే ఉంటుంది. ఇక ఆపరేషన్ అయ్యాక గ్యాస్ పోయేదాకా ఏమీ వద్దు.

డైటీషియన్: గ్యాస్ పెద్దపేగు సంగతి సార్, అది కదలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చిన్నపేగు కొన్ని గంటల్లోనే కదులుతుంది. 24 గంటల్లోపు గుక్కలుగా మొదలుపెడదాం. వాంతి అయితే ఆపుదాం. ఆ తర్వాత అసలు పేచీ ఇంట్లోవాళ్లతో: పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. వీడికి రోజుకు 72 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు. చారన్నంతో ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? మెత్తగా ఎనిపిన పెసరపప్పు, గుడ్డు, పెరుగు, ముళ్లు తీసిన చేప పెట్టాలి.

సర్జన్: ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు మాత్రం మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పుట్టగొడుగులు, మునక్కాయ పీచు, బత్తాయి తొనల పొర వద్దు. వాచిన స్టోమా దగ్గర అవే ఉండకడతాయి. ద్రవాలు మాత్రం ఎన్నైనా తాగనీ.

డైటీషియన్: అక్కడే తేడా వస్తుంది సార్. సంచిలోకి ఎక్కువ పోతోందని నీళ్లు, కొబ్బరినీళ్లు తెగ తాగిస్తారు. ఉప్పు తక్కువున్న ద్రవం లోపలికెళ్తే పేగు గోడ నుంచి సోడియం బయటికొస్తుంది, దాని వెంట నీరూ వస్తుంది. తాగినకొద్దీ సంచి నిండుతుంది, మనిషి ఎండుతాడు. అలా ఎక్కువ పోతున్నప్పుడు నీళ్లు, టీ, కొబ్బరినీళ్లు అన్నీ కలిపి లీటరు లోపే. దాహానికి, లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపింది. త్రాసుతో తూచాలి, చెంచాతో ఉజ్జాయింపు వద్దు. భోజనానికి అరగంట ముందు, పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్ర.

సర్జన్: నేను 30 సెంటీమీటర్లు తీస్తే, అదీ చిన్నపేగు ఆఖరి భాగమైన ఇలియం చివర్నే, బీ12 విటమిన్ ఒంటబట్టేది అక్కడే కాబట్టి ఆ ఇంజెక్షన్ కూడా రాసి ఉంచు. ఇంత చిట్టా ఇంట్లో ఎవరు చదువుతారు?

డైటీషియన్: సంచి ఖాళీ చేసినప్పుడల్లా కొలజాడీలో కొలిచి రాసుకుంటే చాలు. రోజుకు లీటరున్నర దాటితే ఆరోజే రావాలి.

సర్జన్: లీటరు దాటినా రమ్మను. 48 కిలోల మనిషి, పైగా ఎండాకాలం.