హుక్కు నొక్కితే ఊడొస్తుందన్నారు

ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ ఒక మెసేజ్ బెజవాడలో గాలాలేసే వాళ్ల ఫోన్లన్నీ చుట్టేస్తోంది. నాకే ఆరుగురు పంపారు. అందులో మా బావమరిది ఒకడు, వాడికి ఈత కూడా రాదు. మెసేజ్ పేరు "రెండొందల్లో కయాక్ లంగరు". కయాక్ అంటే ఒకరు కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ. అందులో ఉన్నది ఇదీ: ఇంట్లో మూలపడ్డ ఐదు కేజీల డంబెల్‌కి నైలాన్ తాడు కట్టండి, బరువెంత ఉంటే పట్టు అంత. తాడు నీటి లోతు కంటే రెండు మీటర్లు ఎక్కువుంటే చాలు. రెండో కొసకి స్ప్రింగు హుక్కు బిగించి, చేతికందేలా కయాక్ పక్కనున్న పిడికి తగిలించండి. ప్రమాదమొస్తే హుక్కు నొక్కండి, ఊడొస్తుంది. అదీ కుదరకపోతే చాకుతో కోసేయండి. ఎలాగూ ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి, భయం లేదు.

రాసినవాళ్లకి చెడు ఉద్దేశమేమీ లేదని నాకు తెలుసు. ఎందుకంటే ఈ మెసేజ్ రాకముందే నేను అచ్చం ఇలాంటి లంగరే కట్టుకున్నాను.

ముందు హుక్కు సంగతి. మిగతావి తప్పయితే చేపలు పడవు, మహా అయితే తడుస్తాం. ఇది తప్పయితే మనిషే దక్కడు.

నిరుడు వరద తీశాక, భవానీ ద్వీపానికి ఎగువన ఐదు మీటర్ల లోతులో లంగరేసి వాలుగ కోసం కూర్చున్నాను. పైనుంచి గుర్రపుడెక్క వస్తోంది. చిన్న గుత్తులు వచ్చి పోతూనే ఉంటాయి కదా అని పట్టించుకోలేదు. కాసేపటికి వచ్చింది గుత్తి కాదు, మా ఇంటి వాకిలంత చాప. వచ్చి నా తాడుకి ఆనుకుంది. దాని వెనకే ఇంకోటి వచ్చి దీన్ని తోసింది. తాడు బిగిసి, నీళ్లలోకి దిగే చోట సన్నగా వణుకుతోంది. పక్క పిడికి కట్టాను కాబట్టి ఆ పక్క అంచు వంగుతూ వంగుతూ నా మోచేయి నీళ్లలోకి దిగింది. బొటనవేలితో హుక్కు నాలుక నొక్కాను. నాలుక తెరుచుకుంది. హుక్కు మాత్రం ఊడి రాలేదు.

ఎందుకు రాదో ఒడ్డున కూర్చుని ఆలోచిస్తే తెలుస్తుంది. లాగుడంతా హుక్కు వంపులో కూర్చుని ఉంటుంది. అది బయటికి రావాలంటే ముందు తాడు కాస్త వదులవ్వాలి. అంటే ఏటి ఒరవడికి ఎదురుగా కయాక్‌నీ, నన్నూ, ఆ ఆకు మొత్తాన్నీ నా ఒంటి చేత్తో జానెడు లాగాలి. గిత్త పలుపు బిగబట్టి లాగుతున్నప్పుడు గుంజ దగ్గర ముడి విప్పబోయిన వాళ్లకి ఈ బాధ తెలుసు. ఇంటి వరండాలో హుక్కు నొక్కి చూస్తే టక్కున ఊడుతుంది. వరండాలో ఏరు లేదు.

చాకు ఉంది. ఎక్కడ? సీటు వెనక డబ్బాలో, గాలాల కింద. వెనక్కి తిరిగితే కయాక్ ఇంకా వంగుతోంది. "కుదరకపోతే కోసేయండి" అన్న సలహాకి నా జవాబు ఇంతే. చాకు ఉండాలి, తప్పదు, పళ్లున్నదై ఉండాలి, లైఫ్ జాకెట్ గుండెల మీద కట్టుకుని ఉండాలి. కానీ అది రెండో దారి. మొదటి దారి సరిగ్గా లేనివాడికి రెండోదీ అందదని ఆ రోజు అర్థమైంది.

సీతానగరం వైపు నుంచి నాటు పడవలో వస్తున్న ఒక పెద్దాయన చూశాడు. గెడతో ఆకుని ఒక పక్కకి తోసి, చేతిలో కొడవలితో నా తాడు కోసేశాడు. కయాక్ ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆయన అడిగింది ఒక్కటే: "ఏందబ్బాయ్, పక్కకి కట్టావేంది? పడవని ముక్కుకి కడతారు గానీ పక్కటెముక్కి కడతారా?"

"చేతికి అందదు కదా బాబాయ్, ముక్కు దూరం" అన్నాను.

"అందేట్టు చేసుకోవాల" అన్నాడు, గెడ వేసుకుంటూ.

మెసేజ్‌లో రెండో తప్పు ఇదే. పక్కకి కడితే ఏరు కయాక్‌ని అడ్డంగా తిప్పుతుంది. పొడవంతా నీటికి ఎదురు. కట్టిన వైపు అంచు కిందికి లాగుతుంది, నీళ్లు దాని మీదికి ఎక్కుతాయి. ముక్కుకో తోకకో కడితే నీటికి ఎదురయ్యేది మూరెడు వెడల్పే. కాబట్టి లంగరు ముక్కు దగ్గర ఉండాలి, వదిలించే కొస నా ఒళ్లో ఉండాలి. ఈ రెండూ కలవడానికి కయాక్ వాడే వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న ఏర్పాటు ఒకటుంది, ట్రాలీ అంటారు. ముక్కు దగ్గర ఒక చిన్న పుల్లీ, తోక దగ్గర ఒకటి, రెండింటి చుట్టూ సన్నతాడు ఒక వలయంగా, ఆ తాడుకి ఒక రింగు. కూర్చున్న చోటి నుంచి తాడు లాగితే రింగు ముక్కుకైనా తోకకైనా పోతుంది. బాల్కనీల్లో బట్టలారేసే కర్రల్ని పైకి లాగే పుల్లీలు ఉంటాయి చూడండి, నేను వాడింది అవే. తాడు వదులు కాకుండా మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క కలిపాను.

ఇక వదిలించే సంగతి. లంగరు తాడు ముందు ఒక డబ్బాకి కట్టాలి. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా, మూత బిగించి, నారింజ రంగేసి. ఆ డబ్బా నుంచి ఇంకో మూడు నాలుగు మీటర్ల తాడు బయల్దేరి, రింగులోంచి దూరి, నా తొడ పక్కనున్న క్లీట్‌కి వస్తుంది. క్లీట్ అంటే కంగారు పడకండి, బళ్లో జెండా స్తంభానికి తాడు చుట్టే రెండు కొమ్ముల బిళ్ల. దాని మీద రెండు చుట్లు, చివర జారుముడి. ఆ ముడి కూడా జెండా ముడే. జెండా పండగ నాడు హెడ్మాస్టరు గారు తాడు లాగుతారు, గట్టిగా బిగిసున్న మూట విడిపోయి పూలు రాలతాయి. సరిగ్గా అలా. బరువు ఎంత వేలాడుతున్నా ఈ ముడి విప్పడానికి తాడు వదులవ్వక్కర్లేదు. కొస లాగి, చుట్లు వదిలేస్తే ఏరే మిగతా తాడుని రింగులోంచి ఈడ్చుకుపోతుంది. డబ్బా నీళ్లమీద తేలుతూ లంగరు ఎక్కడుందో చూపిస్తూ ఉంటుంది. గండం గడిచాక తిరిగొచ్చి తీసుకోవచ్చు. తాడు కోయక్కర్లేదు, ఇనుము ఏటి పాలు చేయక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఆ కొసన ముడి వేయకూడదు. జారిపోతుందేమోనని అలవాటుగా ఓ ముడి వేస్తాం, అది రింగులో ఇరుక్కుంటే కథ మొదటికొస్తుంది. నేను రెండుసార్లు వేసి విప్పాను, చెయ్యి ఊరుకోదు.

ఇప్పుడు డంబెల్. బరువే పట్టు అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు. నీళ్లలో ఐదు కేజీల ఇనుము నాలుగున్నర కేజీలకు లోపే తూగుతుంది. చవక డంబెళ్లలో ప్లాస్టిక్ తొడుగు లోపల సిమెంటు పోసినవి ఉంటాయి, అవైతే మూడు కేజీలు కూడా ఉండవు. పైగా గుండ్రటి వస్తువు ఇసకలో దొర్లుతుంది. ఒరవడి రెండింతలైతే కయాక్ మీద తోపుడు నాలుగింతలవుతుంది. దానికి సరిపడా బరువు మోయాలంటే మనకి చోటుండదు. లంగరు పని బరువుతో కూర్చోవడం కాదు, నేలని పట్టుకోవడం. బావిలో పడ్డ చేద తీసే పాతాళగరిగె గుర్తుందా? దాని తమ్ముడే కావాలి. మడిచే నాలుగు కొక్కేల లంగరు కేజీన్నర ఉంటే కయాక్‌కి చాలు, దానికి మీటరు గొలుసు తగిలిస్తే ఇంకా మంచిది. నాది ఆటోనగర్‌లో చువ్వలు వంచి వెల్డింగ్ చేయించాను. చెరువులో, గాలి లేని పూట డంబెల్ కూడా ఆపుతుంది, కాదనను.

కొక్కేలు పట్టుకుంటే మళ్లీ ఊడి రావు కదా అంటారు. నిజమే, ఘాట్ల దగ్గర రాళ్లు, చిరిగిన వలలు, నిమజ్జనం విగ్రహాల ఇనప చట్రాలు, అన్నీ అడుగునే ఉంటాయి. అందుకని తాడు లంగరు తలకి కట్టకండి. కొక్కేలు కలిసే అడుగు భాగానికి కట్టి, తల దగ్గర ఒక సన్న ప్లాస్టిక్ జిప్ టైతో పట్టించండి. ఇరుక్కున్నప్పుడు నేరుగా పైకి పోయి గట్టిగా లాగితే టై తెగుతుంది, లంగరు తలకిందులై వెనక్కి జారి వస్తుంది. టై ఖరీదు రూపాయో రెండో.

తాడు పొడవు లెక్క చిన్నదే. ఐదు మీటర్ల లోతుకి ఏడు మీటర్ల తాడు వేస్తే అది దాదాపు 45 డిగ్రీల వాలులో లాగుతుంది, లాగుడులో 70 శాతం లంగరుని పైకి ఎత్తడానికే పోతుంది. అదే 15 మీటర్లు వదిలితే పైకి పోయేది 33 శాతమే, అడ్డంగా లాగే బలం పెరిగి కొక్కేన్ని నేలలోకి దించుతుంది. లోతుకి మూడింతలు, ఒరవడి ఉంటే ఇంకా ఎక్కువ. మిగిలిన తాడు ఆ నూనె డబ్బాకే చుట్టి ఉంచుకోవచ్చు. ఇంకోటి, పొట్టి తాడు నిటారుగా ఉంటే పున్నమి ఘాట్ నుంచి ద్వీపానికి పోయే బోటు అల రేపినప్పుడు కయాక్ ముక్కు పైకి లేవలేదు, అల దాని మీంచి వస్తుంది.

"చెరువులా ఉంటాయి" అన్న మాట చదివి మాత్రం నవ్వొచ్చింది. డెబ్భై గేట్ల బ్యారేజీ అది. గేటు ఎత్తితే ఎగువన చెరువు కాస్తా ఏరవుతుంది. పైనున్న పులిచింతల ప్రాజెక్టు నీళ్లు వదిలితే వరద వస్తుంది. కృష్ణకి వరద లేని జులైలో కూడా పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో కలుస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఇక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఇనప పడవలే కట్లు తెగి కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కాంక్రీటు కౌంటర్ వెయిట్లు, అంటే గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, విరగ్గొట్టాయి. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల దగ్గర ఇస్తారు, నేను దానిదాకా ఆగను. నీళ్లు ఎర్రబడి ఆకు కదలడం మొదలైతే కయాక్ కారు మీంచి దించను.

ఎవరైనా ఇది కట్టుకుంటే, ముందు ఛాతీ లోతులో, జాకెట్ వేసుకుని, తోడుగా ఒకరిని నీళ్లలో నిలబెట్టి తాడు లాగించండి. కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో పదిసార్లు వదిలించండి. నాకు మొదటిరోజు ఆరుసార్లే వచ్చింది, చుట్లు మూడు వేశానని తెలిసింది. రెండుకి తగ్గించాను.

నా పాత డంబెల్ కథ ఇంకా ఉంది. నెల తర్వాత సీతానగరం ఘాట్ దగ్గర ఆ బాబాయే కనపడ్డాడు. "నీ ఇనుము నా వలకి తగిలిందబ్బాయ్, నాలుగు కళ్లు తెగినయ్" అన్నాడు. వల బాగుకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. డంబెల్ తిరిగి ఇస్తాడేమో అనుకున్నాను. అది వాళ్లింట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారట.