నైరుతిలో సముద్రం: బార్బడోస్ ప్రభుత్వానికి కొన్ని సూచనలు

బార్బడోస్ అనే కరీబియన్ ద్వీప దేశంతో నాకు వ్యక్తిగత వైరం ఏమీ లేదు. వాళ్ళు నాకు బాకీ లేరు, నేను వాళ్ళకు బాకీ లేను. కానీ మా అక్క కొడుకు అక్కడ డాక్టరీ చదువుతున్నాడు, నేను రోజూ వాట్సాప్‌లో వాడితో మాట్లాడుతున్నాను. కాబట్టి కరీబియన్ వ్యవహారాల మీద సాధికారంగా మాట్లాడే అర్హత నాకు వచ్చేసింది. పరాయి దేశం వెళ్ళిన పిల్లలు అక్కడి పద్ధతులకు అలవాటు పడాలని పెద్దలు చెబుతుంటారు. ఎంతకాలమని మనమే అలవాటు పడతాం? ఆ దేశం మొత్తం జనాభా మూడు లక్షలు దాటదు. ఒక్క మా గుంటూరు నగరంలోనే అంతకు రెట్టింపు మందిమి ఉన్నాం. ప్రజాస్వామ్యంలో ఎవరు ఎవరికి అలవాటు పడాలో ఇంతకంటే విడమరచి చెప్పాలా?

ముందు చలి సంగతి తేలాలి. ఫారిన్ అన్నాక చలి ఉండాలి. ఇది మా అక్క సిద్ధాంతం, మా బంధువర్గంలో దీన్ని కాదన్నవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. అందుకే పెట్టె సర్దేటప్పుడు స్వెట్టర్లు, మంకీ క్యాపు, లోపల తొడుక్కునే థర్మల్స్ అన్నీ పెట్టింది. తీరా చూస్తే బార్బడోస్ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, దాదాపు మన చెన్నై గీత మీదే ఉంది. జనవరిలో కూడా ఫ్యాను తిరగాల్సిందే. ఎనిమిదో తరగతి అట్లాసు చూసినా తెలిసే ముక్క ఇది. కానీ లక్షలు పోసి చదివించేవాళ్ళు ఎనిమిదో తరగతి పుస్తకాలు చూస్తారా? చివరికి మా వాడే దారి కనిపెట్టాడు. లెక్చర్ హాల్లో ఏసీ ధాటికి స్వెట్టర్ వేసుకుని ఓ ఫొటో పంపాడు. అది చూశాక అక్క మనసు కుదుటపడింది. ఆ సాయంత్రమే పక్కింటావిడతో “పాపం, మంచులో చదువుకుంటున్నాడు” అంది.

స్వెట్టర్లతో పాటు మిలటరీ మచ్చల ప్యాంటు కూడా ఒకటి కొంది, ఆరు జేబులది. ఆ దేశంలో సైనికులు తప్ప మామూలు జనం ఆ రకం బట్ట కట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. మా వాడు ఇంటర్లో పీటీ పీరియడ్ అంటే ఏమిటో ఎరగడు. వాణ్ణి చూసి సైన్యం దిగిందని భయపడే ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా?

తర్వాతది జలగండం. మా వాడి జాతకంలో ఇరవై నాలుగో ఏడు వచ్చేదాకా నీళ్ళతో ప్రమాదం ఉందని సిద్ధాంతిగారు పుట్టినప్పుడే రాసిచ్చారు. ఆ కారణంగా వాణ్ణి కృష్ణ పుష్కరాలకు తీసుకెళ్ళలేదు, ఈత నేర్పించలేదు, అపార్ట్‌మెంట్ సంపు దరిదాపులకు పోనివ్వలేదు. ఇంత కట్టుదిట్టంగా పెంచి, పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23 కిలోమీటర్లు ఉండే నేల ముక్క మీదికి పంపాం. తూర్పున అట్లాంటిక్, పడమట కరీబియన్. సిద్ధాంతిగారిని మళ్ళీ అడిగితే, గండం మంచినీళ్ళకే వర్తిస్తుందనీ ఉప్పునీళ్ళకు మినహాయింపు ఉందనీ సెలవిచ్చారు. అప్పటికే మొదటి సెమిస్టర్ ఫీజు కట్టేశామని ఆయనకు తెలుసు.

జాతకం ఒడ్డెక్కింది కానీ వాస్తు మునిగింది. ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిది, అక్కడ ఉన్నాయి, సంతోషం. నైరుతిలో నీళ్ళు ఉండకూడదు. రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌ను తీసుకెళ్ళి సరిగ్గా ద్వీపానికి నైరుతి మూల కట్టారు, ఎదురుగా కార్లైల్ బే అని పెద్ద సముద్రపు పాయ. 17వ శతాబ్దంలో ఊరు కట్టిన ఇంగ్లీషువాళ్ళకు వాస్తు తెలియదు, క్షమించవచ్చు. 2021 నవంబరు 30న బ్రిటిష్ రాణిని పక్కనపెట్టి గణతంత్రమయ్యారు కదా, అప్పుడైనా ఎవరినైనా పిలిచి చూపించుకోవద్దా? సముద్రాన్ని పూడ్చడం ఖర్చుతో కూడిన పని అనుకుంటే రాజధానిని మార్చుకోవచ్చు. ఈ రంగంలో మా రాష్ట్రానికి ఉన్న అనుభవం ప్రపంచంలో ఇంకెవరికీ లేదు. ఒకటి చాలకపోతే మూడింటికి కూడా ప్లాన్లు సిద్ధంగా ఉన్నాయి, ప్రస్తుతం మేం వాడుకోవడం లేదు.

ఇక ఆ దేశస్తుల మర్యాద. ఇది శ్రుతిమించింది. అక్కడ జెడ్‌ఆర్ అని తెల్ల వ్యాన్లు తిరుగుతాయి, నడుం మీద ఎర్రటి పట్టీతో. నంబరు ప్లేటు ఆ అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. జనాన్ని కుక్కుతారు, పాటలు చెవులు పగిలేలా పెడతారు, మలుపుల్లో దేవుణ్ణి చూపిస్తారు. ఇంతవరకూ మాకు కొత్తేమీ లేదు, తెనాలి రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కినవాడికి ఇదంతా బాల్యస్మృతి. కానీ ఎక్కగానే లోపలున్న అందరికీ “గుడ్ మార్నింగ్” చెప్పాలి! మా వాడు మొదటిరోజు నోరు మూసుకుని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దావిడ వాణ్ణి ఎగాదిగా చూసి, “మీ అమ్మ నీకు పలకరించడం నేర్పలేదా” అని అడిగింది. మా అక్క వాడికి బయాలజీ నేర్పించింది, ఆర్గానిక్ కెమిస్ట్రీ నేర్పించింది, నెలకు ఇంత అని ట్యూషన్లకు కట్టి నేర్పించింది. సిలబస్‌లో లేనిది ఎలా నేర్పిస్తుంది? గుంటూరు బస్సెక్కి అందరికీ నమస్కారం పెడితే చందాల పుస్తకం బయటికి తీస్తాడేమోనని జనం కిటికీ వైపు తిరుగుతారు.

హారన్ విషయమూ అంతే. అక్కడ దారిచ్చినందుకు థాంక్స్ అని ఓసారి చిన్నగా హారన్ కొడతారు, తెలిసినవాడు కనబడితే ఎలా ఉన్నావని ఇంకోసారి కొడతారు. హారన్ వినబడగానే ఎగిరి కాలువలో దూకేలా పుట్టినప్పటినుంచీ తర్ఫీదైన మా పిల్లాడు ఆ పలకరింపులకు ఎన్నిసార్లు గట్టు దిగాడో నేను రాయను, పరువు సమస్య.

తిండి దగ్గర మాత్రం నేను రాజీపడను. అక్కడ క్రిస్మస్ రోజుల్లో సోరెల్ అని ఎర్రటి పానీయం చేస్తారు. అల్లం, లవంగాలు, దాల్చినచెక్క వేసి మరిగించి, పంచదార కలిపి, కుదిరినవాళ్ళు రమ్ము కూడా పోసుకుని ఇంటికొచ్చిన అందరికీ ఇస్తారు. మా వాడు గ్లాసు పట్టుకుని ఫొటో పంపాడు, రంగు బాగుంది. దేనితో చేస్తారని అడిగాను. చెట్టు ఫొటో పంపాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు. అది మన ఎర్రగోంగూర! పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే దళసరి రేకులు కోసుకుని రసం కాచుకుంటున్నారు. మరి ఆకులేం చేస్తారురా అన్నాను. “ఏమీ చెయ్యరు మావయ్యా, వదిలేస్తారు” అన్నాడు. ఏమీ చెయ్యరట. ఊరంతా గోంగూర పెట్టుకుని, పచ్చడి లేకుండా బతుకుతున్న జాతి అది! ఇలాంటి సందర్భాల్లో ఐక్యరాజ్యసమితి ఎందుకు జోక్యం చేసుకోదో నాకర్థం కాదు. మా వాడు, వాడి గదిలో ఉండే నెల్లూరు అబ్బాయి, వరంగల్ అబ్బాయి కలిసి ఇంటి ఓనరు ముసలావిడ పెరట్లో ఆకు కోసుకుంటామని అడిగితే, ఆవిడ జాలిపడి ఆ పూట వీళ్ళకి భోజనం పంపించింది. ఆకులు తినే స్థితికి దిగజారారనుకుంది.

ఆ భోజనం పేరు కూకూ. మొక్కజొన్న పిండిని బెండకాయ ముక్కలు ఉడికిన నీళ్ళలో పోసి తెడ్డుతో కలియబెట్టి ముద్ద చేస్తారు, పక్కన ఎగిరే చేప పులుసు. వాళ్ళ జాతీయ వంటకం అదే. పక్కనే పసుప్పచ్చ సీసాలో మిరప సాస్. “మాది గుంటూరు” అని చెప్పి మా వాడు చెంచాడు పోసుకున్నాడు. ఆ మిరపకాయ పేరు స్కాచ్ బానెట్, చూడ్డానికి చిన్న టోపీ ఆకారం. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో మన గుంటూరు సన్నం 40 వేల దగ్గర ఆగిపోతే అది లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా పోతుందట. దీన్ని నేను అంగీకరించను. 1912లో ఆ కొలత పెట్టిన విల్బర్ స్కోవిల్ అమెరికావాడు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక్క తుమ్మయినా తుమ్మిన దాఖలా లేదు. ఆ రోజు మా వాడి కళ్ళ వెంట కారినవి ఇంటి మీద బెంగతో వచ్చిన నీళ్ళని మా కుటుంబం అధికారికంగా ప్రకటించింది.

పచ్చడి నూరుకుందామంటే కరెంటు చాలదు. అక్క పంపిన మిక్సీకి 230 వోల్టులు కావాలి. అక్కడి గోడలోంచి వచ్చేది 115. స్విచ్చి వేస్తే నీరసంగా మూలుగుతూ కొబ్బరిముక్క చుట్టూ ప్రదక్షిణలు చేసి, మొక్కు తీరినట్టు ఆగిపోతుంది. కరెంటే కాదు, వాళ్ళ డాలరు కూడా సగమే. 1975 నుంచి రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానమని కట్టేసి ఉంచారు. ఇక్కడ మా బావగారు “అబ్బాయి డాలర్లలో ఖర్చు పెడుతున్నాడండీ” అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటున్నారు. వినేవాళ్ళలో ఎవరో బ్యాంకు ఉద్యోగి “ఏ డాలర్లు?” అని అడిగేలోపు రెండిటినీ సమానం చెయ్యమని మనవి. వ్యాను టికెట్ మూడున్నర డాలర్లు. అంటే మన డబ్బుల్లో దాదాపు 150 రూపాయలు. లెక్క కట్టాక మా వాడు కాలేజీకి నడిచి వెళుతున్నాడు. ఆరోగ్యానికి మంచిదని అక్కకు చెప్పాం.

టైము తొమ్మిదిన్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు సీరియల్ మధ్యలో ప్రకటనలొచ్చినప్పుడు అక్క ఫోన్ చేస్తుంది. అక్కడ మధ్యాహ్నం పన్నెండు, అనాటమీ ల్యాబు. “అన్నం తిన్నావా నాన్నా” అంటే, ముందు శవాన్ని పెట్టుకుని “తిన్నానమ్మా” అంటాడు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ద్వీపాల్లో పిల్లలు పాడైపోతారని మొదట్లో భయపడ్డాను. సముద్రం, పాటలు, ఆగస్టులో క్రాప్ ఓవర్ పండగకు వీధుల్లో ఈకలు కట్టుకుని నాట్యాలు. ఆ భయం అనవసరమని తేలింది. మా వాడు ఇంటరూ లాంగ్ టర్మూ కలిపి మూడేళ్ళు కార్పొరేట్ హాస్టల్లో పండినవాడు. కిటికీకి గ్రిల్లు, గ్రిల్లుకు మెష్, మెష్ అవతల ఇంకో కాలేజీ గోడ. అలా తయారైనవాణ్ణి స్వర్గంలో దింపినా స్టడీ అవర్ ఎన్నింటికని రంభను అడుగుతాడు. అక్కడ బీచ్‌లన్నీ చట్టప్రకారం ప్రజలవే, టికెట్ లేదు, వాడి గదికి నడిచే దూరం. అయినా వాడు సముద్రాన్ని ఎక్కువసేపు చూసింది అమీర్‌పేటలో, కన్సల్టెన్సీవాళ్ళ బ్రోచర్ మీద. పరీక్షలయ్యాక ఓ రోజు వెళ్ళాడు పాపం. ఇసుకలో నీడనిచ్చే మంచి చెట్టొకటి ఖాళీగా కనిపిస్తే దాని కింద ఫిజియాలజీ పుస్తకం తెరిచాడు. ఓ పెద్దాయన పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగాడు. అది మాంచినీల్ చెట్టు. పండు కొరికితే ప్రాణం మీదికొస్తుంది, వానలో దాని కింద నిలబడినా ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది. హెచ్చరిక బోర్డు ఉందట. బోర్డు మీద ఉన్నది సిలబస్‌లో వస్తుందో రాదో తెలియక వాడు చదవలేదు.

ఇంటి ఓనరు ముసలావిడకు క్రికెట్ పిచ్చి. సోబర్స్ పుట్టిన గడ్డ కదా. మన కుర్రాళ్ళు ఇండియావాళ్ళనగానే సాయంత్రం బ్యాటు తెచ్చి చేతికిచ్చింది. ముగ్గురూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి భద్రంగా గోడకు ఆనించారు.

క్రికెట్ అంటే గుర్తొచ్చింది. 2024 జూన్ 29న మనవాళ్ళు అదే బ్రిడ్జ్‌టౌన్‌లో, కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచకప్ గెలిచారు. గెలిచాక రోహిత్ శర్మ పిచ్ మీద చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంటే మా అక్క మాత్రం “చూశావా, అక్కడ తిండి దొరకదంటే నమ్మావు కాదు” అంది. తర్వాత బెరిల్ తుఫాను వచ్చింది. విమానాశ్రయం మూసేశారు, అక్కడి జాలర్ల పడవలు ముక్కలైపోయాయి. మన జట్టు కోసం ప్రత్యేక విమానం వెళ్ళి, మన సిరాజ్‌తో సహా అందరినీ ఎక్కించుకుని జూలై 4న ఢిల్లీలో దింపింది. మంచిదే. అదే దీవిలో మా వాడు కొవ్వొత్తి పెట్టుకుని బయోకెమిస్ట్రీ చదువుతున్నాడు. ఆ విమానంలో ఒక్క సీటు, కనీసం ఇటునుంచి వెళ్ళేటప్పుడు ఆవకాయ జాడీకి చోటు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. హుద్‌హుద్ చూసిన రాష్ట్రం మాది, తుఫాను గురించి ఫిర్యాదు చెయ్యను. జాడీ గురించి చేస్తాను.

అన్నిటికంటే ముఖ్యమైనది డిగ్రీ. అమెరికా పద్ధతిలో నడిచే ఆ కాలేజీల్లో మొదటి డిగ్రీ పేరే ఎం.డి. మన దగ్గర ఎంబీబీఎస్‌తో సమానం, అంతకు మించి కాదు. కానీ శుభలేఖ మీద రెండక్షరాలకు వివరణ రాసే సంప్రదాయం మనకు లేదు. అందుకే మా వాడు చదువు మొదటి దశ అయిన బేసిక్ సైన్సెస్‌లో ఉండగానే సంబంధాలు మొదలయ్యాయి, రేటు కూడా పీజీ రేటే పలుకుతోంది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు తెచ్చిన సంగతి, 54 నెలల చదువూ 12 నెలల ఇంటర్న్‌షిప్పూ విదేశంలో అదే సంస్థలో పూర్తిచెయ్యాలన్న సంగతి, ఆపైన ఇక్కడ మళ్ళీ పరీక్ష రాయాలన్న సంగతి కన్సల్టెన్సీ అబ్బాయి చెప్పబోతుండగా కాఫీలు వచ్చాయి. తర్వాత ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు.

మొన్న పాలకొల్లు నుంచి వచ్చిన ఆడపిల్లవాళ్ళు తొందరపడ్డారు. “అబ్బాయి ఎక్కడ?” అన్నారు. “అమెరికా పక్కన” అన్నారు మా బావగారు. మయామీ నుంచి అక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్ళి తిరిగొచ్చినంత. పెళ్ళికూతురి తమ్ముడు సెల్‌ఫోన్‌లో మ్యాపు తెరిచి పిన్ను పెట్టాడు. దేశం పిన్ను కింద దాక్కుంది. వేళ్ళతో ఎంత సాగదీసినా నీళ్ళే. తీరమంతా చుట్టి కొలిస్తే 97 కిలోమీటర్లు. మన హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డే 158. ఆ కుర్రాడు తలెత్తి మా బావగారి వైపు చూసిన చూపు ఏ తండ్రికీ రాకూడదు.

కాబట్టి ప్రధానమంత్రి మియా మోట్లీ గారికి మా కుటుంబం తరఫున విన్నపం. రాజధాని, గోంగూర, వోల్టేజీ తీరిగ్గా చూసుకోవచ్చు. ముందు ఆ ద్వీపాన్ని మ్యాపులో కంటికి ఆనేంత పెంచండి. మాఘమాసం దాకా చాలు. మూడు ముళ్ళూ పడ్డాక మీ విస్తీర్ణం మీ ఇష్టం.