సవరణ: బోల్ట్, గే మధ్య దూరం 1.34 మీటర్లు కాదు

2009 బెర్లిన్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ (9.58 సెకన్లు) గీత దాటేసరికి టైసన్ గే (9.71) 1.34 మీటర్లు వెనకబడి ఉన్నాడని ఇంతకుముందు రాశాను. అది తప్పు.

గే సగటు వేగాన్ని, అంటే సెకనుకు 10.3 మీటర్లను, 0.13 సెకన్లతో హెచ్చవేశాను. కానీ నిలుచున్న చోటి నుంచి వేగం పుంజుకునే ఆరంభం కూడా ఆ సగటులో కలిసి ఉంటుంది. ప్రతి 20 మీటర్లకూ కొలిచిన అధికారిక సమయాలు చూడండి: బోల్ట్‌కే తొలి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది, చివరి 20 మీటర్లకు 1.66 చాలింది! గే కూడా ముగింపులో సెకనుకు దాదాపు 12 మీటర్ల వేగంతో వస్తున్నాడు. కాబట్టి అసలు దూరం సుమారు ఒకటిన్నర మీటర్లు.

వేగం స్థిరమని ముందే చెప్పే పాఠ్యపుస్తకం లెక్కల్లో పాత పద్ధతి చెల్లుతుంది. పిల్లలకు ఇదే ఉదాహరణ చెప్పినవారు దయచేసి సరిచేయండి.